మా ఆవిడ వేలు, నా గేజి

మా ఆవిడ పంచదార తింటోందా, తినడం లేదా? పోయిన ఏడాది నెలరోజులకు పైగా ఈ ఒక్క ప్రశ్నతో నాకు మతి పోయింది. తినడం లేదని ఆవిడ అంటుంది. తింటోందని ఫోను అంటుంది. ఒకవైపు ముప్పై రెండేళ్ళుగా నాతో కాపురం చేస్తున్న మనిషి, ఇంకోవైపు అరచేతిలో పట్టే ఫోను. నేను వెళ్ళి ఫోను పక్కన నిలబడ్డాను. ఎందుకలా చేశానో చెప్పాలంటే ముందు నా ఉద్యోగం గురించి చెప్పాలి.

నేను కాలువ లాకుల దగ్గర లస్కరుగా పనిచేసి రిటైరయ్యాను. తలుపులు ఎత్తడం, దించడం, పొద్దునా సాయంత్రం గేజి చూసి నీటిమట్టం పుస్తకంలో రాయడం, అదే అంకె సెక్షను ఆఫీసుకు ఫోనులో చెప్పడం, ఇదీ పని. గేజి అంటే పెద్ద బ్రహ్మపదార్థమేమీ కాదు. నీళ్ళలో నిలబెట్టిన రాయి, దాని మీద తెల్లరంగు గీతలు, అంకెలు. మెట్లు దిగి, కొబ్బరిపీచుతో పాచి రుద్ది, నీళ్ళు నిలకడయ్యాక అంకె చూసేవాణ్ణి. శివారు రైతులు వచ్చి "మా నీళ్ళేం చేశావయ్యా" అని మీద పడితే వాదించేవాణ్ణి కాదు, గేజి వైపు చెయ్యి చూపించేవాణ్ణి. మనిషి కోపంలో ఎన్నయినా అంటాడు, అంకెకి కోపతాపాలుండవు. ఈ నమ్మకంతోనే సర్వీసంతా గడిపి, పెన్షనుతో పాటు దాన్ని కూడా ఇంటికి తెచ్చుకున్నాను.

ఇక మా ఆవిడ పని. మాది గౌతమి ఒడ్డున ఊరు, మా వీధిలో సగం ఇళ్ళల్లో పూతరేకులు చుడతారు. మా ఇంట్లో మా ఆవిడా, పక్కింట్లోనే ఉండే మా తమ్ముడి భార్యా కలిసి చుడతారు. కిటికీలు మూసేసి, ఫ్యాను ఆపేసి కూర్చుంటారు, గాలి తగిలితే రేకులు లేచిపోతాయి. రేకు ఎండుటాకులాగా పెళుసుగా ఉంటుంది కాబట్టి ముందు దాని మీద తడిగుడ్డతో ఒకసారి అలా రాస్తారు. మెత్తబడ్డాక నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం పొడో చల్లి, మడిచి చుడతారు. చేతులకు నీళ్ళుంటే రేకు కరిగి జావైపోతుంది. అందుకని పని మధ్యలో కుళాయి దగ్గరకు వెళ్ళరు. చేతులకు ఏది అంటినా ఆ తడిగుడ్డకే తుడుచుకుంటారు.

పెళ్ళయిన కొత్తలో నేను ఒక పూతరేకు నోటికందిస్తే మా ఆవిడ మొహం తిప్పుకుంది. "పొద్దస్తమానం ముక్కులో ఇదే వాసనండి. నోట్లో కూడానా?" అంది. పెళ్ళిళ్ళలో కూడా స్వీటు నా విస్తట్లోకి తోసేసి మిరపకాయ బజ్జీ కోసం చూసే మనిషి. అలాంటి ఆవిడకి షుగరు వచ్చిందని రాజమండ్రిలో డాక్టరుగారు చెప్పినప్పుడు, ఆ పరీక్ష కాగితం వేరెవరిదో అనుకుని నేను పేరు రెండుసార్లు చదువుకున్నాను. స్వీట్లు తింటేనే రావాలని లేదండి, ఇది ఒంటి తత్వం, ఇప్పుడే మొదలైంది, భయం లేదు, అన్నారాయన. ఒక మాత్ర రాశారు. పన్లో పనిగా నాకూ పరీక్ష చేయించారు. నాకు లేదు. ఇంటికొచ్చే దారంతా, ఏదో నేరం చేసి తప్పించుకున్నవాడిలా ఆవిడ మొహం చూడలేకపోయాను.

వేలు పొడిచి చూసే మిషను ఒకటి కొనమన్నారు. కాకినాడలో ఉండే మా అమ్మాయి వచ్చి నా ఫోనులో యాప్ వేసిపెట్టింది. మిషనులో వచ్చిన అంకె దానంతటదే ఫోనులోకి ఎక్కుతుంది. ఏం తిన్నామో మనం రాయాలి. నెలకోసారి డాక్టరుగారికి చూపించాలి. మా ఆవిడ ఫోనంటే ఎత్తడం, పెట్టెయ్యడం వరకే కాబట్టి ఆ పని నాకు పడింది. నిజం చెప్పాలంటే పడలేదు, నేనే లాక్కున్నాను. పుస్తకంలో అంకెలు రాసి ఎన్నాళ్ళయిందో!

ఆ యాప్‌తో మొదటి రోజే తికమక మొదలైంది. పొద్దున ఏం తిన్నారని అడిగింది. చద్దన్నం, పెరుగు, ఉల్లిపాయ అని రాశాను. చద్దన్నం దానికి తెలీదు. ఓట్సు తెలుసు, రొట్టెలు తెలుసు, నేను చచ్చి పుట్టినా పలకలేని ఇంకేవో గింజలు తెలుసు. సరే, అన్నం అని రాస్తే ఎన్ని కప్పులంది. మా ఇంట్లో ఉన్న కప్పులు కాఫీవి. కాఫీ కప్పుతో అన్నం కొలుస్తుంటే మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. "నేను తింటున్నానా, నన్ను తూకం వేస్తున్నారా?" అంది. పనసపొట్టు కూర రాస్తే పనసపండు లెక్కేసి, పరిమితి దాటారని ఎర్రగా చూపించింది. మూడో రోజు "అభినందనలు! మీరు ఏడు వేల అడుగులు నడిచారు" అంది. మా ఆవిడ ఆ రోజు పీట మీద నుంచి లేవలేదు. ఫోను నా చొక్కా జేబులో ఉంది. నేను నడిస్తే ఆవిడకి మెప్పు. ఇవన్నీ చూసైనా నాకు అనుమానం రావాలి కదా? రాలేదు. తిండి, నడక మనం చెప్పేవి, తప్పులుంటాయి, రక్తం అలా కాదు అనుకున్నాను.

రక్తమేమో రెండు వందల పది అంది. మర్నాడు రెండు వందల నలభై. ఆ మర్నాడు రెండు వందల ఇరవై. అది కూడా పరగడుపున! మా వాళ్ళు తెల్లవారుజామునే పనిలోకి దిగుతారు. ఏడింటికి నేను మిషను పట్టుకుని వెళ్తే, మా ఆవిడ చుడుతున్న రేకు పక్కన పెట్టి, వేలు తుడుచుకుని చాపేది. నేను పొడిచేవాణ్ణి. మంచినీళ్ళు తప్ప ఏమీ తాగని మనిషికి రెండు వందల నలభై ఎలా వస్తుంది? ముందు రాత్రి భోజనం తగ్గించాం. తగ్గలేదు. అన్నం మానిపించి జొన్నరొట్టె పెట్టించాను. తగ్గలేదు. అరటిపండు, పాలు, చివరికి కాఫీ కూడా ఆగిపోయాయి. తినే తిండి తగ్గుతోంది, అంకె తగ్గడం లేదు. నాకైతే ఏమీ పాలుపోలేదు.

అప్పుడొక ఆదివారం కోరుకొండ వెళ్ళాం. బయల్దేరే ముందు, స్నానం చేసి వచ్చాక చూశాను. నూట ఇరవై ఆరు. నా కళ్ళను నేను నమ్మలేదు. ఆ తర్వాత ఆర్డర్లు లేక రెండు రోజులు పని ఆగింది. నూట ముప్పై, నూట పద్దెనిమిది. మళ్ళీ పీట ఎక్కిన రోజు రెండు వందల యాభై. యాప్‌లో గీత కొండలా లేచి, లోయలా పడి, మళ్ళీ లేచింది. ఆ గీత చాలాసేపు చూశాను. చూసి చూసి, నా తెలివంతా ఉపయోగించి ఒక నిర్ణయానికి వచ్చాను. పని ఉన్న రోజు ఆవిడ చుట్టూ పంచదార ఉంటుంది. పని లేని రోజు ఆవిడ చుట్టూ నేను ఉంటాను. అంతే, దొంగ దొరికిపోయాడనుకున్నాను.

నేరుగా అడగడానికి నోరు రాలేదు. అందుకని ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గేసే పని చేశాను. పంచదార పొడి డబ్బాకి లోపల పెన్సిలుతో గీతలు గీశాను, లాకుల దగ్గర రాయికి గీసినట్టే. పొద్దునోసారి, మధ్యాహ్నమోసారి మట్టం చూసేవాణ్ణి. మట్టం తగ్గేది. రేకులు చుట్టే ఇంట్లో పంచదార తగ్గక పెరుగుతుందా? ఈ సంగతి నాకు మూడో రోజుకి గానీ తట్టలేదు. అప్పటికే మా మరదలు ఆ గీతలు చూసేసింది.

"ఏంటండి బావగారూ ఇది? మా మీద కాపలా పెట్టారా?" అంది.

మాట దాచలేక ఆ వేళే బయటపడిపోయాను. "నువ్వు పనిలో నోట్లో వేసుకుంటున్నావు. లేకపోతే ఈ అంకె రాదు," అన్నాను మా ఆవిడతో, ఆ మరదలి ఎదురుగానే.

మా ఆవిడ గొడవ పడలేదు. గొడవ పడి ఉంటే బాగుండేది. మామూలుగా ఆవిడ నోటికి మా వీధి అంతా జడుస్తుంది. ఆ రోజు మాత్రం చుట్టిన రేకు పళ్ళెంలో పెట్టి, "నేను తినలేదండి," అంది. ఒక్కసారే అంది. నేను ఫోను చూపించాను, ఒకప్పుడు రైతులకు గేజి చూపించినట్టు. ఆవిడ ఆ గీతని అర్థం కాని కాగితం చూసినట్టు చూసి, మళ్ళీ రేకు అందుకుంది.

నాలుగు రోజుల తర్వాత, నేను కూరగాయలు తరుగుతుంటే వెనకనుంచి వచ్చి అడిగింది. "ఏమండీ, పరధ్యానంలో నోట్లో వేసేసుకుంటున్నానంటారా? నాకే తెలీకుండా?"

"అయ్యుండొచ్చు," అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో! వంకాయ ముక్కలు ఉప్పునీళ్ళలో వేస్తూ, అటు తిరగకుండానే అన్నాను.

మర్నాటి నుంచి ఆవిడ పనిలో కూర్చునేటప్పుడు నోటికి గుడ్డ కట్టుకోవడం మొదలుపెట్టింది. పాత నేత చీర చింపి, ముక్కు కిందనుంచి తీసుకుని తల వెనక గట్టిగా ముడి వేసేది. నా మీద కసితోనే అలా చేస్తోందనుకున్నాను. నేనేం తక్కువ తిన్నానా, నాకూ పౌరుషం వచ్చింది. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. గుడ్డ కట్టుకున్నా అంకె తగ్గలేదు. అప్పుడు నాకు ఇంకా అయోమయం. కట్టుకోకముందే తింటోందా? గుడ్డ దించి తింటోందా? ఆలోచనలు అటే వెళ్ళాయి గానీ, తినడం లేదేమో అన్న వైపు ఒక్కటీ వెళ్ళలేదు.

నెల తిరిగాక డాక్టరుగారు ఆ గీత చూసి తల పంకించారు. ఆవిడ వైపు తిరిగి, "తీపి మానలేకపోతున్నారా అమ్మా?" అని మెల్లగా అడిగారు. మా ఆవిడ నా వైపు చూసింది. ఏం చెప్పమంటారు అన్నట్టు చూసింది. నేను కిటికీలోంచి బయటకు చూశాను. మూడు నెలల సగటు పరీక్ష వచ్చే నెల చేద్దాం, ఈలోగా మాత్ర మోతాదు పెంచుతాను అన్నారు.

పెంచిన మాత్ర వేసుకున్న నాలుగో రోజో, అయిదో రోజో. పొద్దున పది దాటింది. నేను వసారాలో ఫోను చూసుకుంటున్నాను. లోపలినుంచి మరదలు గట్టిగా కేకేసింది. వెళ్ళేసరికి మా ఆవిడ గోడకి జారగిలబడి ఉంది. జాకెట్టు చెమటకి తడిసిపోయింది. చేతిలో రేకు ముక్కలైపోయింది, ఆ ముక్కల్ని ఇంకా చుట్టాలనే చూస్తోంది. చేతులు వణుకుతున్నాయి. పిలిస్తే పలుకుతోంది గానీ ఏమంటోందో తెలీదు.

నేను మిషను తెచ్చాను. వేలు ఆ తడిగుడ్డతో తుడిచి పొడిచాను. రెండు వందల ముప్పై ఆరు.

"షుగరు ఎక్కువైంది. ఏమీ పెట్టకు!" అని అరిచాను.

మా మరదలు నా మాట వినలేదు. ఆవిడ నోటికున్న గుడ్డ గడ్డం కిందకి లాగేసి, బెల్లం పొడి గుప్పెట్లో తీసుకుని కొంచెం కొంచెంగా బుగ్గలో పెట్టింది. "మా నాన్నకి ఇలాగే అయ్యేదండి. ఇది తక్కువైతేనే వచ్చే చెమట," అంది. నేను ఆ అమ్మాయిని తిట్టాను. మనిషిని చంపేస్తావా అన్నాను. నా జన్మలో మరదలితో అలా మాట్లాడలేదు. డాక్టరుగారికి ఫోను చేస్తే అంకె పక్కన పెట్టి మనిషి ఎలా ఉందో చెప్పండి అన్నారు. చెమట, వణుకు అనగానే, తీపి పెట్టడం మంచి పనే, ఇవాళ ఇంక మాత్ర వెయ్యకండి, రేపు పొద్దున్నే తీసుకురండి అన్నారు.

కాసేపటికి మా ఆవిడ కళ్ళు తేటపడ్డాయి. మంచినీళ్ళు అడిగి తాగింది. రెండు వందల ముప్పై ఆరున్న మనిషికి బెల్లం పెడితే తేరుకోవడమేంటి? నీళ్ళు నిండి పొర్లుతున్న కాలువకి ఇంకా నీళ్ళు వదిలితే మట్టం దిగినట్టుంది. నా బుర్రలో ఏదీ దేనికీ అతకడం లేదు.

మా మరదలు మొహం ఇంకా ఎర్రగానే ఉంది. తిట్లు పడ్డ మనిషి కదా. "ఆ మిషను ఓసారి మీ వేలికి పెట్టుకు చూడండి బావగారూ," అంది.

"నాకేంటి, నాకు లేదుగా."

"లేదు కదండి మరి. చూడండి."

సరే అన్నాను. ఆవిడని పట్టుకుని లేపడంలో నా చేతికీ పొడి అంటింది. పక్కనే ఉంది కదా అని ఆ తడిగుడ్డకే తుడుచుకుని, వేలు పొడుచుకున్నాను. మూడు వందల పద్దెనిమిది. ఫోను వెంటనే కూసింది, ప్రమాదం, డాక్టరుని కలవండి అని. నాకూ వచ్చిందా? ఒక్క నెలలోనా? ఇంత ఎక్కువా?

మరదలు చెంబుతో నీళ్ళు, సబ్బు తెచ్చింది. కడుక్కున్నాను. తుడుచుకుని, ఇంకో వేలు పొడిచాను. నూట తొమ్మిది.

రెండు అంకెలూ ఒకే మనిషివి, మధ్యలో ఒక్క చెంబెడు నీళ్ళు. అప్పుడు చూశాను ఆ తడిగుడ్డని. ఉండచుట్టి పీట పక్కన పడి ఉంది. పొద్దుటినుంచి ఇద్దరి చేతులూ దానికే తుడిచారు. ముట్టుకుంటే పాకం పట్టినట్టు జిగురుగా ఉంది. నెలరోజులకు పైగా రోజూ నేను పొడిచిన వేలు ఈ గుడ్డకి తుడుచుకున్న వేలే. చెయ్యి శుభ్రంగా ఉంటే చాలు, స్పిరిట్ అక్కర్లేదు అని ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పింది. తుడుచుకుంటే శుభ్రమే అనుకున్నాం. మా వీధిలో ఎవరైనా అలాగే అనుకుంటారు. అది రక్తంలో పంచదార కాదు, వేలి మీద పంచదార. యాప్ గీసిన ఆ కొండలన్నీ గుడ్డలోవి.

పాతికేళ్ళకు పైగా మెట్లు దిగి పాచి రుద్దినవాణ్ణి. కొత్తగా చేరిన వాడు రాయి రుద్దకుండా అంకె రాసుకొస్తే, వెనక్కి పంపి మళ్ళీ రాయించినవాణ్ణి. రాయికి చేసినపాటి మర్యాద మా ఆవిడ వేలికి చెయ్యలేదు.

మర్నాడు డాక్టరుగారు ఇదంతా విని, ఆ సగటు పరీక్ష అప్పుడే చేయించి, మందు మళ్ళీ మొదటి మోతాదుకే తెచ్చారు. చెయ్యి సబ్బుతో కడిగి, ఆరబెట్టి చూడమన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుణ్ణనిపించింది. కానీ నాకు గుర్తుండిపోయింది అది కాదు, ఆ ముందు రోజు మా ఇంట్లో జరిగింది.

మా ఆవిడని కుళాయి దగ్గరకు తీసుకెళ్ళాను. నేనే సబ్బు రుద్దాను, గోళ్ళ సందుల్లో కూడా. తువ్వాలుతో తుడిచి, వేలు పొడిచాను. అంత బెల్లం తిన్నాక కూడా తొంభై ఆరు. నాకు పట్టరాని సంతోషం వచ్చింది. "తొంభై ఆరు! చూశావా, తొంభై ఆరు! తప్పంతా ఆ తడిగుడ్డదే!" అని మిషను ఆవిడ మొహం దగ్గర పెట్టాను. మరదలికి క్షమించమని కూడా చెప్పాను. "పోన్లెండి బావగారూ," అంది గానీ మొహం తిప్పుకునే అంది.

మా ఆవిడ మిషను వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"అయితే నేను తినలేదన్నమాటేనా అండి?"

"తినలేదు," అన్నాను.

"నిజంగానే? ఒక్కసారి కూడా?"

ఆ మాటతో నాకు అర్థమైంది. నేను అంకెను నమ్మాను, ఆవిడ నన్ను నమ్మింది. తినలేదని ఒక్కసారి చెప్పి ఊరుకున్నది పౌరుషంతో కాదు, అప్పటికే తన నోటి మీద తనకు నమ్మకం పోయి. ఏడుపొచ్చింది నాకు. ఒక్కసారి కూడా తినలేదు అని చెప్పాను. మళ్ళీ చెప్పాను.

ఆవిడ గడ్డం కింద వేలాడుతున్న గుడ్డని చేత్తో పట్టుకుంది.

"మరింక ఇది కట్టుకోనక్కర్లేదాండి?" అని అడిగింది.

ముడి నేనే విప్పాను. గట్టిగా వేసుకుంది, చాలాసేపు పట్టింది.